పాటిదిబ్బకు పటము: ఒక తీరగ్రామము చెప్పు పాఠము

(తీరప్రాంత గ్రామ పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగము)



మన గ్రామములలో పెక్కింటికి ఊరి వెలుపల ఒక పాటిదిబ్బ ఉన్నది. వేసవిలో రైతులు ఆ దిబ్బనుండి మన్ను త్రవ్వి, బండ్లకెత్తి పొలములకు తోలుకొందురు. ఆ మన్ను చేనికి బలమని మన పెద్దలు తరతరములుగా ఎరుగుదురు. త్రవ్వునపుడు కుండపెంకులును, పూసలును, ఒకప్పుడు పాత నాణెములును బయటపడుట కద్దు. అచ్చట ఎన్నడో ఒక ఊరుండెనని అందరును అందురు. ఆ ఊరి పేరేమి, అందెవరు కాపురముండిరి, ఏల విడిచిపోయిరి అని అడిగినచో చెప్పగలవారు అరుదు. దిబ్బ మాత్రము ఏటేట తరుగుచుండును. అది సముద్రపుటొడ్డున నున్నదైనచో మనము త్రవ్వనక్కరయే లేదు. అలలే త్రవ్వుకొని పోవును.

అట్టి దిబ్బ యొకదానిని గూర్చియే నేడు మీతో ముచ్చటింప దలచినాము. అది మన దేశమునందలిది కాదు. అమెరికా దేశపు వాయవ్యపు కొసనున్న అలాస్కా రాష్ట్రములో, బేరింగు సముద్రతీరమున, క్విన్‌హాగాక్ అను చిన్న గ్రామమునకు సమీపమున ఉన్నది. అంత దూరపు సంగతి మనకేల యని మీరు అడుగవచ్చును. ఆ దిబ్బను ఏమి చేయవలెనను ప్రశ్న మీవంటి గ్రామసభ్యుల యెదుటికే వచ్చినది. వారు తర్కించిరి, భిన్నాభిప్రాయములు చెప్పిరి, తుదకొక నిర్ణయము చేసిరి. వారి నిర్ణయమును, దాని ఫలితమును, వారు వాడిన సాధనములను తెలిసికొనుట మీకు ప్రయోజనకరమని మా నమ్మకము.

క్విన్‌హాగాక్ జనాభా ఏడువందలకు కొంచెము పైబడినది. వారిలో అత్యధికులు యూపిక్ అను మూలవాసులు. ఐరోపావారు ఆ తీరమున అడుగిడుటకు ఎన్నో శతాబ్దములకు పూర్వమునుండి ఆ నేల వారిదే. చేపలు, సీలు అను సముద్రజంతువులు, అడవిదుప్పులు, పండ్లు వారి జీవనాధారము. నేటికిని ప్రతి యింట చేపలను ఎండగట్టి శీతకాలమునకు దాచుకొందురు. ఇతర పట్టణములతో ఆ ఊరిని కలుపు రోడ్డు లేదు. చిన్న విమానములోనో పడవలోనో పోవలసినదే. 1971లో అమెరికా ప్రభుత్వము అలాస్కా మూలవాసుల భూహక్కులను గూర్చి ఒక చట్టము చేసినది. దాని ననుసరించి గ్రామవాసులే వాటాదారులుగా గ్రామసంస్థలు ఏర్పడి, చుట్టుపట్ల భూములు వాటి వశమైనవి. క్విన్‌హాగాక్ గ్రామసంస్థ పేరు కనిర్తూక్. మనము చెప్పబోవు దిబ్బ ఆ సంస్థకు చెందిన భూమిలోనిదే.

ఆ ఊరికి నాలుగైదు కిలోమీటర్ల దూరమున సముద్రపుటొడ్డున ఒక పాత నివాసస్థలమున్నది. దానిని నునల్లెక్ అందురు; ‘పాత ఊరు’ అని ఆ మాటకు అర్థము. పదునారవ శతాబ్ది చివరి భాగమునుండి పదునేడవ శతాబ్ది మధ్యభాగము వరకు అక్కడ జనులు కాపురముండిరని పరిశోధకులు నిర్ణయించిరి. వారి ఇండ్లు సగము నేలలోనికి దిగి, పైన పచ్చికగడ్డలు కప్పబడినట్టివి. ఆ దేశమున నేల లోపలి పొర సంవత్సరము పొడవునను గడ్డకట్టి యుండును. అందుచేత మనవైపు రెండు వర్షాకాలములలో కుళ్లిపోవు వస్తువులు అక్కడ నాలుగు శతాబ్దములు చెక్కుచెదరక నిలిచినవి. కఱ్ఱబొమ్మలు, నాట్యమునకు ధరించు కఱ్ఱమొగములు, గడ్డితో అల్లిన బుట్టలు, చేపలు కోయు కత్తులు, జంతువుల తోళ్లు, మనుష్యుల తలవెండ్రుకలు సైతము అందు దొరకినవి.

అయితే ఆ మంచుపెట్టె తాళము ఊడిపోవుచున్నది. భూగోళము వేడెక్కుటచే నేలలోని మంచు కరగుచున్నది. పూర్వము శరదృతువు చివర సముద్రము గడ్డకట్టి, ఆ మంచు తుపానులనుండి తీరమునకు గోడవలె అడ్డు నిలుచుచుండెను. ఇప్పుడా మంచు ఆలస్యముగా పట్టుచున్నది. అలలు నేరుగా వచ్చి మెత్తబడిన గట్టును కొట్టుచున్నవి. గట్టు పెళ్లలు పెళ్లలుగా విరిగి పడుచున్నది. 2009 ప్రాంతమున చెక్కడపు కఱ్ఱవస్తువులు ఇసుకలో కొట్టుకొని వచ్చుట గ్రామస్థులు గమనించిరి. పాత ఊరు సముద్రములోనికి జారుచున్నదని అప్పుడు గ్రామమునకు తేటపడినది.

ఇక్కడ గ్రామపెద్దలకు ఒక ధర్మసందేహము కలిగినది. పూర్వులుండిన చోటును కదల్పరాదని వారి ఆచారము. త్రవ్వుట తప్పనియు, పోవుదానిని పోనిమ్మనియు కొందరు పెద్దలు పలికిరి. ఆ మాటను మనము మూఢనమ్మకమని తోసిపుచ్చుట తగదు. మన ఊరి శ్మశానమునకు ఎవరైన గునపము పట్టుకొని వచ్చినచో మనమును అట్లే అందుము. గ్రామసంస్థ అధ్యక్షుడు మొదలగువారు వేరొక మాట చెప్పిరి. మనము ముట్టకున్నను సముద్రము ముట్టకమానదు. మన పిల్లలు తమ పూర్వుల చేతిపనిని కన్నులార చూడవలెనన్న ఇదియే సమయము అని వారి వాదము. చర్చలు జరిగిన పిమ్మట గ్రామము సమ్మతించినది. గ్రామమే ముందుకు వచ్చి స్కాట్లండు దేశపు అబర్డీన్ విశ్వవిద్యాలయములోని పురావస్తు శాస్త్రజ్ఞుడు రిక్ నెక్ట్ గారి సహాయము కోరినది. 2009లో త్రవ్వకము మొదలైనది. విద్వాంసులు వచ్చి గ్రామమును ఒప్పించుట లోకమున సాధారణము. ఇచ్చట గ్రామము విద్వాంసులను పిలిచినది. ఈ భేదమును మీరు జ్ఞాపకముంచుకొనవలెను.

ఇక సాధనముల సంగతి. డ్రోను మీకు క్రొత్త కాదు. 2020 ఏప్రిల్ 24వ తేదీన, జాతీయ పంచాయతీరాజ్ దినోత్సవమున ప్రారంభింపబడిన స్వామిత్వ పథకము క్రింద గ్రామకంఠములలోని ఇండ్లను, స్థలములను డ్రోనులతో కొలుచుట మీలో పలువురు చూచియే యుందురు. సర్వేవారు నేలపై తెల్ల సున్నముతో గుర్తులు వేసి, డ్రోనును ఎగురవేసి, పిదప పటము తెచ్చి సరిహద్దులు సరిచూడుమని గ్రామసభలో చూపుదురు. ప్రాచీన స్థలముల పటములు తీయు పద్ధతియు మూలమున ఇదియే. కాని ఇండ్ల సరిహద్దులకు గోడలున్నవి. పాత ఊరికి గోడలు లేవు. గడ్డి క్రింద దాగిన గుంటలను, గట్లను, నడకదారులను వెదకిపట్టవలెను. అందులకు కొలత మరింత సూక్ష్మముగ నుండవలెను.

పని జరుగు విధము క్లుప్తముగ చెప్పెదము. డ్రోను ఒక పొలమును దున్నునట్లు, చాలు వెంబడి చాలుగా, ఒకే ఎత్తున స్థలమంతటి మీదను ఎగురును. పోవుచు నిట్టనిలువున క్రిందికి ఛాయాచిత్రములు తీయును. ఒక్కొక్క చిత్రము ప్రక్కచిత్రముతో నూటికి డెబ్బది, ఎనుబది పాళ్లు కలిసియుండునట్లు తీయుదురు. నేలమీది ఒకే రాయి ఇట్లు అనేక చిత్రములలో, అనేక కోణములనుండి కనబడును. మన రెండు కన్నులు రెండు చోట్లనుండి చూచుటచేతనే కదా వస్తువు దూరము మనకు తెలియుచున్నది! ఆ విధముగనే కంప్యూటరు ఆ చిత్రములను సరిపోల్చి, ప్రతి బిందువు ఎంత ఎత్తున నున్నదో లెక్కించి, భూమి ఆకృతిని నిర్మించును. జానెడు లోతు గుంట కూడ ఆ పటములో దాగదు.

అయితే ఆ ఆకృతి భూగోళముపై సరిగా ఎచ్చటనున్నదో తెలియవలెను. మీ జేబులోని ఫోను ఉపగ్రహముల వలన స్థానము చెప్పును గాని అందు కొన్ని మీటర్ల తేడా ఉండవచ్చును. పది అడుగుల తేడా గల పటముతో సముద్రము ఈ యేడు రెండడుగులు ముందుకు వచ్చెనని చెప్పుట అసాధ్యము. కావున సర్వేవారు తెలిసిన స్థానమున ఒక ఉపగ్రహ గ్రాహకమును నిలిపి, రెండవదానిని చేతబట్టుకొని తిరుగుదురు. మొదటిది కనుగొన్న దోషమును రెండవదాని కొలతనుండి తీసివేయుటచే స్థానము ఒకటి రెండు సెంటీమీటర్ల లోపల తేలును. నేలపై పరచిన గుర్తులను ఈ విధముగా కొలిచి, డ్రోను పటమును వాటికి కట్టివైతురు. త్రవ్వకపు గుంటలో ప్రతి వస్తువు దొరకిన చోటును, లోతును టోటల్ స్టేషన్ అను యంత్రముతో కోణమును దూరమును కొలిచి వ్రాసికొందురు. గొలుసు పట్టి పొలము కొలిచిన కాలమునుండి నేటివరకు సూత్రము మారలేదు. స్థిరమైన సర్వే రాయి లేనిదే ఏ కొలతయు నిలువదు.

ఇట్టి పనులలో లైడార్ అను మరియొక సాధనమును గూడ డ్రోనుకు అమర్చుట కలదు. అది క్షణమునకు వేలకొలది కాంతిరేకలను క్రిందికి పంపి, అవి తిరిగివచ్చు కాలమును కొలుచును. గడ్డి సందులలోనుండి కొన్ని రేకలు నేలను తాకి వచ్చును. వాటిని మాత్రమే ఏరినచో, పచ్చిక తొలగించినట్లు నేల కనబడును. మన కంటికి కానరాని పరారుణ కాంతిని పట్టు కెమెరాలును కలవు. ఆకు ఎంత బలముగా ఎదిగినదో ఆ కాంతి చెప్పును.

ఈ చివరి సంగతి మన రైతులకు ఇట్టే బోధపడును. అలాస్కా మైదానములలో పాత ఊళ్లు ఉండిన చోట గడ్డి దట్టముగా, ముదురు పచ్చగా పెరుగును. శతాబ్దముల క్రితము అక్కడ పారవేసిన చేపముళ్లు, ఎముకలు, పొయ్యి బూడిద నేలను సారవంతము చేసినవి. మనవారు పాటిమన్నును పొలమునకు తోలుటకు కారణమేదో, అక్కడ డ్రోను కెమెరా పాత ఊరిని కనిపెట్టుటకు కారణమదియే. శాస్త్రజ్ఞుడు ఆకాశమునుండి చూచి తెలిసికొన్నదానిని మన రైతు చేతితో మన్ను నలిపి తెలిసికొనినాడు. ఈ పద్ధతులతో ఆ ప్రాంతపు మూలవాసుల వారసత్వ స్థలములను గుర్తించి కాపాడు విధమును గూర్చి 2022లో ఒక పరిశోధనా పత్రము వెలువడినది. కాలినడకన తిరుగుట దుర్ఘటమైన ఆ చిత్తడినేలలో ఈ సాధనము మిక్కిలి అనుకూలము.

డ్రోను చేయలేని పనులును చెప్పవలెను. అది పైపొరను మాత్రమే చూచును. క్రింద ఏమున్నదో తెలియుటకు భూమిలోనికి తరంగములు పంపు రాడారు, అయస్కాంత మాపకము మొదలగు వేరు పరికరములు కావలెను; నిశ్చయముగ తెలియుటకు త్రవ్వవలెను. గాలి హెచ్చినచో డ్రోను ఎగురదు; చలిలో బ్యాటరీ త్వరగా అయిపోవును. పక్షులు గుడ్లు పెట్టు కాలమునను, వేటకాలమునను ఆ మ్రోత ప్రాణులను బెదరగొట్టును. ఎప్పుడు ఎగురవేయవలెనో గ్రామస్థులను అడిగియే నిర్ణయింపవలెను. అన్నిటికంటె ముఖ్యమైనది, డ్రోను ఒక గుంటను చూపును గాని అది ఎవరి యిల్లో చెప్పలేదు. ఒక గట్టును చూపును గాని దాని పేరు చెప్పలేదు.

పేరు చెప్పవలసినవారు పెద్దలే. యూపిక్ ప్రాంతమున నదీవంపులకు, గుట్టలకు, చేపలు పట్టు చోట్లకు గల వేలకొలది పేర్లను వృద్ధులనుండి సేకరించి పటములలో నమోదు చేసియున్నారు. ఒక్కొక్క పేరు ఒక్కొక్క చరిత్ర. నునల్లెక్ విషయమునే చూడుడు. పూర్వము గ్రామముల మధ్య విల్లంబుల యుద్ధములు జరిగెననియు, పిల్లల ఆటలో ఒకని కంటికి గాయమగుటతో ఆ వైరము పుట్టెననియు, అందు ఒక ఊరు తగులబడెననియు పెద్దలు కథగా చెప్పుకొనుచుండిరి. వ్రాతలో లేని కథ యని పూర్వపు పండితులు దానికి విలువనిచ్చి యుండరు. త్రవ్వి చూడగా కాలిన ఇంటి దూలములు, వాటినడుమ బాణపు ములుకులు బయటపడినవి. ముసలివారి నోటిమాటకు నేల సాక్ష్యమిచ్చినది. కనుక పటము గీయు పనిలో యంత్రమునకు ఎంత స్థానమున్నదో, అరుగుమీది తాతకును అవ్వకును అంత స్థానమున్నది. యంత్రమును వచ్చే సంవత్సరము కూడ తెప్పించుకొనవచ్చును. తాత వచ్చే సంవత్సరమువరకు ఉండునని చెప్పలేము.

ఇప్పుడు మిగుల గంభీరమైన ప్రశ్న: దొరకిన వస్తువులెవరివి, గీసిన పటమెవరిది? నునల్లెక్ వస్తువులు గ్రామమువారివేయని ముందుగనే స్థిరపరచుకొనిరి. తడి కఱ్ఱ ఒక్కమారుగా ఆరినచో పగిలి ముక్కలగును. కనుక వాటిని అబర్డీనునకు పంపి, ప్రయోగశాలలో శుద్ధిచేయించిరి. పని ముగియగానే అవి తిరిగివచ్చినవి. 2018 ఆగస్టులో క్విన్‌హాగాక్‌లోనే, ఒక పాత పాఠశాల భవనములో, వస్తుప్రదర్శనశాల తెరువబడినది. గ్రామపు శిల్పులు ఆ వస్తువులను చేతబట్టి చూచి వాటివంటివి చెక్కుచున్నారు. పిల్లలు తమ పూర్వుల బొమ్మలను తమ ఊరిలోనే చూచుచున్నారు.

దీని విలువ తెలియవలెనన్న మన అమరావతిని తలచుకొనుడు. దీపాలదిన్నె యని ఊరివారు పిలిచిన ఆ మహాస్తూపపు రాళ్లను పదునెనిమిదవ శతాబ్ది చివర ఇండ్లు కట్టుటకు, సున్నము కాల్చుటకు తీసికొనిపోయిరి. 1798లో దానిని చూచిన కాలిన్ మెకంజీ 1816లో తిరిగివచ్చి, తన సర్వేయర్లతోను చిత్రకారులతోను పటమును, శిల్పముల చిత్రములను గీయించెను. వాటిలో కొన్ని శిల్పములు పిమ్మట కానరాకపోయినవి. అట్టివాటికి నేడు మిగిలినది ఆ గీతలే. రాయి పోయినను పటము నిలిచినది. కాని ఆ చిత్రములును, మిగిలిన శిల్పములలో పెక్కును లండను చేరినవి. లండను చేరిన ఆ శిల్పములను అమరావతి బాలుడు చూడవలెనన్న సముద్రములు దాటవలెను. క్విన్‌హాగాక్ బాలునకు ఆ అవస్థ లేకపోవుటకు హేతువు ఆ గ్రామము త్రవ్వకమునకు ముందే మాట ఖాయము చేసికొనుటయే.

పటము విషయమునను ఇట్టి జాగ్రత్తయే కావలెను. ప్రాచీన స్థలముల పటము దొంగచేత పడినచో అది దోపిడికి దారిచూపు దీపమగును. స్మశానములు, పూజాస్థలములు మొదలగువాటి చోటును బయటకు చెప్పుట కొందరికి మనఃక్లేశము కలిగించును. కావున లోకములోని మూలవాసుల ప్రతినిధులును విద్వాంసులును కలిసి 2019లో కొన్ని సూత్రములు ప్రకటించిరి. సేకరించిన సమాచారము ఆ సమాజమునకు సమష్టిగా మేలు చేయవలెను. దానిపై అధికారము వారికుండవలెను. సేకరించువారు బాధ్యత వహింపవలెను. పని ధర్మబద్ధముగ నుండవలెను. ఈ నాలుగును వాటి సారము. పటము గీయుట ఒక ఎత్తు, దానిలో ఏది అందరికి చూపవలెనో ఏది పెట్టెలో ఉంచవలెనో నిర్ణయించుట మరియొక ఎత్తు. రెండవ పని యంత్రము చేయదు, గ్రామమే చేయవలెను.

ఇంతచేసియు వారు సముద్రమును ఆపగలిగిరా? లేదు. దాచక చెప్పవలెను. తొలి సంవత్సరములలో త్రవ్విన చోటు త్రవ్విన కొలదికాలమునకే సముద్రములో కలిసినది. 2025 అక్టోబరులో హాలోంగ్ అను పెనుతుపాను శేషము ఆ తీరమును తాకినపుడు, ఆ స్థలము వద్ద సుమారు 60 అడుగుల మేర గట్టు తెగిపోయినది. అందలి వస్తువులు వేలకొలదిగా అలలపాలైనవి. గ్రామస్థులు చలిలో ఒడ్డు వెంబడి తిరిగి సుమారు వెయ్యి వస్తువులను ఏరి తెచ్చి, ఆరిపోకుండ నీటిలో ఉంచిరి. అదే తుపానులో చుట్టుప్రక్కల గ్రామములు కొన్ని మునిగి, జనులు ఇండ్లు విడువవలసివచ్చినది. మనుష్యులే నిలువ నీడలేక యున్నవేళ కఱ్ఱబొమ్మలను ఏరుట ఏల యని ఎవరైన అడుగవచ్చును. తమ ఊరు ఈనాటిది కాదని, తమ పూర్వులును కష్టములను దాటి నిలిచిరని చెప్పు సాక్ష్యము ఆ బొమ్మలే కనుక ఏరినారు.

ఇక్కడ మనము లెక్క చూచుకొనవలెను. 2009లో ఆ గ్రామము వద్దని నిర్ణయించియుండినచో, లేక మరుసటి సభకు వాయిదా వేసి, మరల వాయిదా వేసియుండినచో, ప్రదర్శనశాలలో నేడున్న వస్తువులు సముద్రగర్భమున ఉండెడివి. తుపానునకు ముందు కొలత యున్నందుననే తుపాను తరువాత ఎంత పోయినదో చెప్పగలరు. మిగిలినదానిలో ముందుగా ఏ చోట పనిచేయవలెనో ఎంచుకొనగలరు. ఒకే చోటును ఏటేట కొలిచి, పాత పటముపై క్రొత్త పటము పరచినపుడు గట్టు ఎక్కడ త్వరగా తెగుచున్నదో, ఎక్కడ నిలకడగా నున్నదో కనబడును. ఆ పటము పాత ఊరికే గాక నేటి ఊరికిని పనికివచ్చును. క్రొత్త ఇండ్లు ఎక్కడ కట్టరాదో, దారి ఎటు మార్చవలెనో, చమురుతొట్లు ఎచ్చటికి తరలింపవలెనో నిర్ణయించుటకు ఆ తీరగ్రామములకు ఇట్టి కొలతలే ఆధారము. పూర్వుల కొరకు చేసిన పని సంతానమునకు ఉపకరించును.

సోదరులారా, మన తీరమునను సముద్రము ఊరకుండుట లేదు. ఉప్పాడ తీరమున ఇండ్లును, రోడ్డును కోతకు గురియగుట మీకందరకు తెలిసినదే. మన తీరము నిన్న మొన్నటిదియు కాదు. మోటుపల్లి రేవున కాకతీయ గణపతిదేవుడు 13వ శతాబ్దిలో వేయించిన అభయశాసనము, తుపానున పగిలిన ఓడల సరకును రాజులు లాగుకొను దురాచారమును మాన్పి వర్తకులకు ధైర్యము చెప్పినది. వంశధార ఒడ్డున శాలిహుండమును, విశాఖ తీరమున బావికొండ, తొట్లకొండలును బౌద్ధుల కాలమున వెలసినవి. ఇట్టి ప్రసిద్ధ స్థలములకు కాపలా యున్నది. మీ ఊరి దిబ్బకు మీరే కాపలా.

కావున మీరు చేయదగిన పనులు కొన్ని మనవి చేసెదము. ఇవి ఖర్చులేని పనులు.

మొదటిది, మీ గ్రామ పరిధిలోని పాటిదిబ్బలను, పాత బావులను, శాసనపు రాళ్లను, వీరగల్లులను, పాడుపడిన రేవులను సర్వే నంబరుతో సహా పంచాయతీ పుస్తకములో వ్రాయించుడు. సముద్రపుటొడ్డునకు ఎన్ని అడుగుల దూరమున నున్నవో నేడు టేపుతో కొలిచి తేదీ వేయుడు. వచ్చే సంవత్సరము అదే నెలలో, స్థిరమైన అదే గుర్తునుండి మరల కొలువుడు. డ్రోను వచ్చువరకు వేచియుండ నక్కరలేదు. ఈ కొలతయే పటమునకు పునాది.

రెండవది, ఊరిలోని వృద్ధులను, ముఖ్యముగ సముద్రముపై జీవించిన మత్స్యకారులను కూర్చుండబెట్టి దిబ్బల పేర్లు, కాలువల పేర్లు, మునిగిపోయిన ఊళ్ల కథలు చెప్పించుడు. పాఠశాల పిల్లలచేత వ్రాయించుడు.

మూడవది, పునాదులు త్రవ్వునపుడో, చెరువులు త్రవ్వునపుడో పాత వస్తువు బయటపడినచో దానిని కదల్పక, పని ఆపి, తహసీలుదారునకును పురావస్తు శాఖవారికిని తెలియజేయుడు. భూమిలో దొరకిన నిక్షేపమును జిల్లా కలెక్టరునకు తెలుపవలెనని 1878 నాటి చట్టమే శాసించుచున్నది. వస్తువు దొరకిన చోటు, లోతు తెలియనిచో దాని విలువలో సగము నశించినట్లే.

నాలుగవది, ఎవరైన సర్వే చేయుటకు వచ్చినపుడు వారిని గౌరవముతో ఆదరించుడు. కాని అడుగవలసినవి అడుగుడు. ఎవరి అనుమతితో వచ్చిరి? 2021 నాటి డ్రోను నియమములను పాటించుచున్నారా? పటము ప్రతి గ్రామమునకు ఇత్తురా? దొరకిన వస్తువు ఎచ్చటికి పోవును, తిరిగి చూచు భాగ్యము మనకు కలుగునా? ఈ ప్రశ్నలు వేసి, సమాధానములను తీర్మాన పుస్తకములో వ్రాయించుట సభ్యుల ధర్మము. అడుగుట అవిశ్వాసము కాదు. క్విన్‌హాగాక్ వారు అడిగిరి. కనుకనే వారి వస్తువులు ఇంటికి వచ్చినవి.

ఐదవది, ఇష్టము లేనివారి మాటను గూడ ఆలకించుడు. పూర్వుల చోటును ముట్టరాదను పెద్దకు, పిల్లలకు చూపవలెనను యువకునకు ఇద్దరికిని ఆ చోటుపై భక్తియే. త్రవ్వక పటము మాత్రము తీయుట ఇద్దరికిని సమ్మతమగు మధ్యమార్గము కావచ్చును. గునపము తాకని చోటును గూడ డ్రోను కొలువగలదు.

గ్రామమునకు పట్టా ఉన్నట్లే జ్ఞాపకమునకును పట్టా ఉండవలెను. ఆ పట్టా వ్రాయించు అధికారమును, బాధ్యతను ప్రజలు మీ చేతులలో నుంచిరి. ఏడువందల జనాభాగల ఒక చలిదేశపు పల్లె ఆ బాధ్యతను సకాలమున నెరవేర్చి చూపినది. సముద్రము సభకు కోరము చూడదు, వాయిదాలు ఇవ్వదు. మీరు మీ గ్రామములకు పోయిన వెంటనే జరుగు సమావేశపు కార్యక్రమములో ఊరి దిబ్బ పేరు ఒక అంశముగ చేర్చుడని కోరుచు సెలవు తీసికొనుచున్నాము.